సాగనంపడం మరిచిపోయాం: నల్గొండ, పాలమూరు సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, కమిటీలో ఉన్న అన్నలకు, స్త్రీల సమాజం అక్కలకు మన ప్రభువు పేరిట వందనాలు.

నాది దేవరకొండ వైపు పల్లె. సెంట్రింగ్ మేస్త్రీని. 2009 నుంచి 2018 దాకా దుబాయ్‌లో పని చేసి వచ్చాను, ఇప్పుడు నల్గొండలో చిన్న చిన్న స్లాబు పనులు పట్టుకుని బతుకుతున్నాను. బైబిలు కాలేజీలో చదవలేదు, వాక్యం చెప్పమంటే చేతులు వణుకుతాయి. అయినా ఈ లేఖ రాయకుండా ఉండలేకపోయాను, అందుకే రాత్రిళ్ళు కూర్చుని రాశాను. తప్పుగా ఏమైనా అంటే పెద్దలు మన్నించాలి, కానీ చదవకుండా మాత్రం పక్కన పెట్టొద్దు.

మొన్న మా సంఘంలో జనరల్ బాడీ మీటింగ్ జరిగింది. లెక్కలు చదివారు. కాంపౌండ్ గోడకు ఇంత, సౌండ్ సిస్టంకు ఇంత, క్రిస్మస్ లైటింగ్‌కు ఇంత, ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకుల కార్లకూ భోజనాలకూ ఇంత. అవి అక్కర్లేదని నేను అనను. అన్నీ చదివాక లేచి ఒక్కటే అడిగాను, వచ్చే ఏడు లెక్కల్లో మిషనరీ పనికి కూడా ఒక పద్దు పెడదామా అని. నన్ను చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిరిగిన ఒక పెద్దాయన, కోపంగా కూడా కాదు, చాలా మామూలుగా అన్నాడు: "మిషనరీ పని మిషనరీలు చేస్తరు బిడ్డా, మన సంఘం మనం నడుపుకుంటే చాలదా?" అందరూ తల ఊపారు. టీ తాగి ఇళ్ళకు వెళ్ళిపోయాం.

ఇది మా ఒక్క సంఘం మాట అయితే ఆ పెద్దాయనతోనే కూర్చుని మాట్లాడుకునేవాణ్ణి. కానీ నాతో పని చేసే కల్వకుర్తి వాళ్ళను అడిగాను, అచ్చంపేట, వనపర్తి, సూర్యాపేట వైపు చుట్టాలను అడిగాను. దాదాపు అన్నిచోట్లా ఇదే సంగతి. మిషనరీ అంటే మనకు ఇంకా తెల్లదొర, దొరసాని, గుర్రపు బండి, పాత బంగ్లా. లేదంటే టీవీలో కనిపించే పెద్ద ప్రసంగీకుడు. మనం మాత్రం కాదు.

అందుకే ముందు ఆ దొరల సంగతే ఒకసారి చూద్దాం. మన ముసలివాళ్ళు చెప్పే కథలో దొర ఎక్కడి నుంచి వచ్చాడంటే అమెరికా అంటారు. పాలమూరు విషయంలో అది నిజమే, 1885లో అక్కడ మిషన్ మొదలుపెట్టిన ఎల్బర్ట్ చూట్ అమెరికన్ బాప్టిస్టు. కానీ నల్గొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్, ఆయన భార్య మరియ అమెరికా వాళ్ళు కాదు. అప్పటి రష్యా రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ దక్షిణాన ఉన్న మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ పల్లెల నుంచి వచ్చారు. జర్మన్ మాట్లాడే రైతుల పల్లెలవి, గోధుమ పండించుకుని బతికేవాళ్ళు. ఫ్రీజెన్ హాంబర్గ్‌లో బాప్టిస్టు సెమినరీలో చదువుకుని 1889లో ఈ దేశంలో దిగాడు, అమెరికన్ బాప్టిస్టు మిషన్ అండతో నల్గొండలో ఉండి పని మొదలుపెట్టాడు. వెనక ఉన్నది ఎవరు? ఆ పల్లెల్లో గోధుమ అమ్ముకున్న డబ్బులో కొంత తీసి పక్కన పెట్టిన రైతులు. వాళ్ళు నల్గొండను చూడలేదు. నైజాం రాజ్యం ఎక్కడుందో వాళ్ళలో చాలామందికి తెలిసి ఉండదు. ఎండకు పగిలిన నేల, మాల మాదిగ వాడలు, వెట్టి చేసే జనం, ఇవేవీ వాళ్ళ కళ్ళతో చూడలేదు. అయినా ఇచ్చారు.

తర్వాత ఏమైందో మన సంఘాల్లో ఎవరూ చెప్పరు, నేనూ దుబాయ్‌లో ఉన్నప్పుడు ఒక కెనడా పెద్దాయన చెబితేనే విన్నాను. 1914లో యుద్ధం రావడంతో అక్కడి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. ఆ వెనకే విప్లవం, దోపిడీ మూకలు, ఊళ్ళకు ఊళ్ళు చంపేయడాలు, 1921-22లో ఘోరమైన కరువు. మనకు సువార్త పంపిన పల్లెలు రొట్టె ముక్క కోసం ఏడ్చాయి. బతికినవాళ్ళలో వేలమంది కెనడాకు వలస పోయారు. ఆ పల్లెల్లో చాలా భాగం ఇప్పుడు ఉక్రెయిన్‌లోని జపొరీజియా ప్రాంతంలో ఉన్నాయి, 2022 నుంచి అక్కడ మళ్ళీ బాంబులు పడుతున్నాయి.

పెద్దలారా, నేను ఒక మాట అడుగుతాను. 2022 నుంచి ఇప్పటిదాకా మన ఆదివారం ఆరాధనలో ఉక్రెయిన్ పేరెత్తి ఎన్నిసార్లు ప్రార్థన చేశాం? మా సంఘంలో ఒక్కసారి కూడా చేసినట్టు నాకు గుర్తులేదు. వార్తల్లో చూసి "అయ్యో" అనుకున్నాం, పెట్రోలు ధర పెరుగుతుందని టెన్షన్ పడ్డాం. అది మనకు సువార్త పంపినవాళ్ళ నేల అని మనలో ఎవరికీ తెలియదు. పంపినవాళ్ళను మరిచిపోయాం కాబట్టే పంపడం కూడా మరిచిపోయామని నా మనసుకు అనిపిస్తుంది.

డాక్టరమ్మ కేథరీనా షెల్లెన్‌బర్గ్ సంగతి కూడా అంతే. రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే ఇంటివాళ్ళతో కాన్సాస్ వెళ్ళి, అక్కడ వైద్యం చదివి 1907లో ఇక్కడికి వచ్చింది. నాగర్‌కర్నూల్, దేవరకొండ, శంషాబాద్‌లలో రోగులను చూస్తూ 1945లో ఇక్కడే కన్నుమూసింది. ముప్పై ఏడేళ్ళు పైన. దేవరకొండ వైపు పుట్టినవాణ్ణి నేను, ఆమె పేరు నా చిన్నప్పుడు సండే స్కూల్లో ఒక్కసారీ వినలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. దొరల పేర్లయినా ఎక్కడో పుస్తకాల్లో ఉన్నాయి. ఊరూరా కాలినడకన తిరిగి, చెట్ల కింద పడుకుని, వాడల్లో పాట కట్టి పాడి, చదువు రానివాళ్ళకు వాక్యం నోటికి నేర్పింది మనవాళ్ళు, మన బోధకులు, మన బైబిలు స్త్రీలు. వాళ్ళలో చాలామంది పేర్లు ఏ రాయి మీదా లేవు. మా అవ్వ చెప్పేది, వాళ్ళ అమ్మకు ప్రార్థన నేర్పింది ఒక విధవరాలని, చేతిలో సంచి, కాళ్ళకు చెప్పులు లేవని, ఎండాకాలం మధ్యాహ్నం వచ్చి చేటలో బియ్యం ఏరుతూ కూర్చుని మాటల్లో మాటగా యేసయ్య సంగతి చెప్పేదని. ఆమె పేరు మా అవ్వకు కూడా తెలియదు. మా వంశం మొత్తం ఆ పేరు తెలియని మనిషి వల్ల సంఘంలో ఉంది.

ఒంగోలు వైపు కథ కూడా ఇలాగే మొదలైంది. తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరను వెతుక్కుంటూ వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికే తాను విన్నది తన వాళ్ళకు చెబుతూనే ఉన్నాడు, ఆ తర్వాత ఇంకా తిరిగాడు. తోళ్ళ బేరానికి తిరిగిన దారులే సువార్తకు దారులయ్యాయి. ఇంగ్లండు నుంచి 1793లో బెంగాల్‌కు వచ్చిన విలియం కేరీ చెప్పులు కుట్టి బతికినవాడు. 1732లో హెర్న్‌హూట్ అనే చిన్న జర్మన్ ఊరి నుంచి మొరావియన్లు అనే క్రైస్తవ గుంపు మొదట పంపిన ఇద్దరిలో ఒకడు కుమ్మరి, ఒకడు వడ్రంగి, వెళ్ళింది వెస్టిండీస్ దీవుల్లో బానిసల దగ్గరకు. వీళ్ళ పనిముట్లు చూస్తే నాకు మన మేస్త్రీల సంచులు గుర్తొస్తాయి.

అందుకే అంటున్నాను, మిషనరీలు మన దగ్గర లేరని కాదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు, అపార్టుమెంట్లు, ఎక్కడ తవ్వకం ఉంటే అక్కడ మనవాళ్ళ చెమట ఉంది. నారాయణపేట, మహబూబ్‌నగర్ నుంచి ముంబై బస్సులు నిండి పోతాయి. నల్గొండ పిల్లలు కువైట్‌లో, సౌదీలో, ఖతార్‌లో, దుబాయ్‌లో ఉన్నారు, చదువుకున్నవాళ్ళు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. మన ప్రతి సంఘంలో పది ఇళ్ళు లెక్కపెడితే రెండు మూడు ఇళ్ళ వాళ్ళు బయటి ఊళ్ళలో ఉంటారు. వాళ్ళను మనం "వలస పోయినోళ్ళు" అంటాం. ఆరాధన హాజరు పట్టీలో నుంచి తీసేస్తాం. నేను అడిగేది ఇదే: వాళ్ళను పోయినవాళ్ళుగా కాదు, మనం పంపినవాళ్ళుగా చూడండి.

నా సంగతి చెబుతాను. 2009లో నేను వెళ్ళేటప్పుడు ఏజెంటుకు కట్టడానికి అప్పు తెచ్చాం, నాయిన ఎడ్లను అమ్మాడు. వెళ్ళే ముందు ఆదివారం గుడికి వెళ్ళాను. ఎవరూ ముందుకు పిలవలేదు, తల మీద చెయ్యి పెట్టలేదు, ప్రార్థనలో పేరు కూడా రాలేదు. నాకు అప్పుడు బాధ కూడా అనిపించలేదు, అలా పిలుస్తారని కూడా తెలియదు కాబట్టి. మూడు నెలల తర్వాత ఫోన్ వచ్చింది, గుడికి స్లాబు వేస్తున్నాం, దుబాయ్ వాళ్ళు ఒక్కొక్కరు ఇంత ఇవ్వాలని. ఇచ్చాను. సంతోషంగానే ఇచ్చాను. కానీ ఆ తొమ్మిదేళ్ళలో కానుక కోసం కాకుండా "ఎట్లున్నవ్ బిడ్డా, ప్రార్థన చేసుకుంటున్నవా" అని అడగడానికి మా సంఘం నుంచి నాకు వచ్చిన ఫోన్లు ఎన్నో చెబితే మీకు కూడా బాధేస్తుంది. చెప్పను.

అల్ కూజ్‌లో మా క్యాంపు. ఒక గదిలో పన్నెండు మందిమి, రెండంతస్తుల మంచాలు. మాతో ఇద్దరు నేపాల్ వాళ్ళు, ఒక బీహారీ, ఒక రాజస్థానీ. అప్పట్లో శుక్రవారం సెలవు, కాబట్టి మా ఆదివారం శుక్రవారమే. జెబెల్ అలీలో గుళ్ళ కోసం ఇచ్చిన స్థలంలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఆరాధనలే, ఒక హాల్లో మలయాళం, పక్క హాల్లో తగాలోగ్, ఇంకోచోట ఉర్దూ, తమిళం, మన తెలుగు. మొదటిసారి అక్కడికి వెళ్ళిన రోజు నేను గేటు దగ్గర నిలబడిపోయాను. ఇన్ని రకాల మనుషులు ఒకే పేరు పిలుస్తున్నారని నాకు అంతకుముందు తెలియదు. ఆ దేశంలో ముస్లింలకు మత ప్రచారం చేయకూడదు, అది అక్కడి చట్టం, మేం ఎవరం దాన్ని దాటలేదు. మేం చేసిందల్లా మా గదిలో మేం ఎలా బతికామన్నదే.

నేపాల్ అన్న ఒకడు పని మీద జారి పడి నడుం దెబ్బతిని ఆరు వారాలు మంచం మీద ఉన్నాడు. కంపెనీ జీతం కోసింది. మా గదిలో మేం ముగ్గురం తెలుగు విశ్వాసులం వంతులు వేసుకుని అతనికి అన్నం వండాం, స్నానానికి తీసుకెళ్ళాం, ఇంటికి పంపడానికి కొంచెం పోగు చేశాం. మేం మిషనరీలం అనుకుని చేయలేదు, చేయకుండా ఉండలేక చేశాం. ఒక రాత్రి అతనే అడిగాడు, మీరు శుక్రవారం ఎక్కడికి పోతారు, అక్కడ ఏం చేస్తారు అని. నా హిందీ అంతంతమాత్రం. చెప్పగలిగినంత చెప్పాను. ఫోన్లో నేపాలీ బైబిలు దొరికింది, దాన్ని అతను మంచం మీద పడుకుని నెల రోజులు చదివాడు. ఆ నేపాలీ బైబిలు వెనక ఎంత కథ ఉందో నాకు తర్వాత తెలిసింది. 1951 దాకా నేపాల్ లోపలికి మిషనరీలను రానిచ్చేవారే కాదు. సరిహద్దు ఇవతల డార్జిలింగ్‌లో గంగా ప్రసాద్ ప్రధాన్ అనే నేపాలీ బోధకుడు ఏళ్ళ తరబడి కూర్చుని తర్జుమాలో పని చేస్తే, 1914లో ఆ భాషలో పూర్తి బైబిలు వచ్చింది. తలుపు తెరుచుకోకముందే పుస్తకం సిద్ధంగా పెట్టాడన్నమాట. వంద ఏళ్ళ తర్వాత అది అల్ కూజ్‌లో పై మంచం మీద ఒక కూలీ చేతిలోకి వచ్చింది.

ఆ అన్న తిరిగి తన కొండల్లోకి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు ఐదు ఇళ్ళ వాళ్ళు కలిసి శనివారం ప్రార్థన చేసుకుంటారు, అక్కడ శనివారమే సెలవు. నేపాల్ కొండల్లో ఒక చిన్న సంఘానికి దేవరకొండ పల్లెతో సంబంధం ఉందని మా సంఘంలో నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పే సందర్భం ఎవరూ ఇవ్వలేదు.

అపొస్తలుల కార్యాలు పదకొండో అధ్యాయం తీసి చదవండి. స్తెఫను చనిపోయాక చెదిరిపోయినవాళ్ళు దారి పొడుగునా చెప్పుకుంటూ పోయారు. వాళ్ళలో కుప్రకు, కురేనేకు చెందిన కొందరు అంతియొకయకు వచ్చి గ్రీకువాళ్ళతో కూడా మాట్లాడారు. వాళ్ళ పేర్లు లూకా రాయలేదు. ఎవరో తెలియదు. వలస వచ్చినవాళ్ళు, బతుకు కోసం ఊరు మారినవాళ్ళు. వాళ్ళు కట్టిన సంఘమే తర్వాత పౌలును, బర్నబాను పంపింది. ఎలా పంపింది? ఉపవాసముండి, ప్రార్థన చేసి, తల మీద చేతులుంచి పంపింది. మన బైబిల్లో దానికి సాగనంపడం అనే మంచి తెలుగు మాట ఉంది, యోహాను తన మూడో పత్రికలో గాయుకు రాసింది కూడా అదే, ప్రభువు పేరు కోసం బయలుదేరినవాళ్ళను దేవునికి తగినట్టు సాగనంపు అని. కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పుడు మనం ఒడి బియ్యం కడతాం, ఊరి పొలిమేర దాకా నడుస్తాం, కళ్ళు తుడుచుకుంటాం. సాగనంపడం అంటే మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుడిలో మాత్రం మరిచిపోయాం.

మన తెలుగు నేలలోనే దీన్ని బాగా ఎరిగిన మనిషి ఒకాయన ఉండేవాడు. వి.ఎస్. అజరయ్య గారు. తిరునల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చాడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచం నలుమూలల మిషనరీ పెద్దలు కూర్చున్న సభలో నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగినవాడు ఆయన. ఆయన సంఘాల్లో బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషి, చదువు రాని కూలీ అయినా సరే, తన తల మీద తానే చెయ్యి పెట్టుకుని పౌలు మాట పలికేవాడు: సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ. నీళ్ళలో నుంచి లేచిన రోజే ఆ మనిషి చేతికి పని ఇచ్చేశారు. మన దగ్గర బాప్తిస్మం అయితే సర్టిఫికెట్ ఇస్తాం, సభ్యత్వం రాసుకుంటాం, ఏటా ఎంత కట్టాలో చెబుతాం.

ఇంకో మాట, మనం వెళ్ళడం ఒక్కటే కాదు, ప్రపంచం మన దగ్గరికి వచ్చి ఉంది. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఎక్కడివాళ్ళు? బీహార్ వాళ్ళు. మన చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో సంక్రాంతి ముందు నుంచి ఎండాకాలం దాకా పిల్లాపాపలతో ఉండేది ఒడిశా వాళ్ళు, బలంగీర్, నువాపడా వైపు నుంచి వస్తారు. ఇప్పుడు వరినాట్లకు కూడా ఉత్తరాది నుంచి గుంపులు వస్తున్నాయి. పాలమూరు వాళ్ళు ముంబై పోయి పడ్డ కష్టమే వాళ్ళు మన ఊళ్ళో పడుతున్నారు. ఆ బట్టీలకు మేస్త్రీలుగా, ట్రాక్టరు డ్రైవర్లుగా, కూలీలను తెచ్చే ఏజెంట్లుగా మన విశ్వాసులే కొందరు ఉన్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్ళకు ముందు కరపత్రం ఇవ్వొద్దు. ముందు వాళ్ళ కూలీ సరిగ్గా లెక్క కట్టమని మన మేస్త్రీకి చెప్పండి, తాగే నీళ్ళు ఉన్నాయో లేదో చూడండి, పిల్లకు జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మనతో ఏం మాట్లాడాలో వాళ్ళే అడుగుతారు. నేపాల్ అన్న అడిగినట్టు.

ఇక్కడ నేను చాలా సూటిగా చెప్పాల్సింది ఒకటుంది, కొందరికి నచ్చకపోవచ్చు. మిషనరీ పని పేరుతో ఫొటోలు తీసి పంపడం, సంఖ్యలు పెంచి చెప్పడం, బియ్యం మూట చూపించి చెయ్యెత్తమనడం, పక్కవాళ్ళ దేవుళ్ళను మైకులో తిట్టడం, ఇవి జరుగుతున్నాయి. ఎవరో గిట్టనివాళ్ళు అంటున్నారని కొట్టిపారేయకండి. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. బువ్వ కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. సాయం ఆగాక కూడా జనం అదే అడిగితే అప్పుడు 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ సంఖ్య మనం ప్రసంగాల్లో గొప్పగా చెప్పుకుంటాం, దానికి ముందు ఆయన ఆగిన సంగతి చెప్పం. రాజ్యాంగం 25వ అధికరణం మనకు నమ్మే హక్కు, చెప్పే హక్కు ఇచ్చింది. అవతలి మనిషికి వినే హక్కు, వద్దనే హక్కు కూడా ఇచ్చింది. మా పక్కింటి వాళ్ళు హనుమంతుణ్ణి కొలుస్తారు, నేను దుబాయ్‌లో ఉన్న తొమ్మిదేళ్ళు మా అవ్వను రాత్రిపూట ఆసుపత్రికి తీసుకుపోయింది వాళ్ళే. వాళ్ళ మనసు నొప్పించే మాట నా నోట రాదు, వాళ్ళు అడిగితే నా దేవుని సంగతి దాచను.

ఇవ్వడం గురించి. మనకే లేదు, బయటికెక్కడిస్తాం అంటారు. మిజోరంలో ఆడవాళ్ళు వంద ఏళ్ళకు పైగా ఒక పని చేస్తున్నారు, దాన్ని వాళ్ళ భాషలో బుహ్‌ఫై థమ్ అంటారు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పూటపూటకూ. వారం వారం సంఘం వాటిని పోగు చేసి అమ్ముతుంది. ఆ గుప్పెళ్ళతో వాళ్ళు వందలమంది మిషనరీలను మిజోరం బయటికి పంపారు. కొండల్లో ఉండే చిన్న రాష్ట్రం అది, మొత్తం జనాభా మన ఒక పెద్ద జిల్లా అంత ఉండదు. మన స్త్రీల సమాజం అక్కలకు పిడికెడు బియ్యం కానుక కొత్తేం కాదు, మా అవ్వ కాలంలో గుడిలో బియ్యం కుండ ఉండేది, నేను చూశాను. ఎప్పుడు మాయమైందో తెలియదు. మళ్ళీ పెట్టండి అక్కా. సన్నబియ్యం అయినా దొడ్డుబియ్యం అయినా పరవాలేదు.

డబ్బు చాలా కొద్దిగా ఉన్నా చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. ప్రపంచంలో 7,000కు పైగా భాషలుంటే పూర్తి బైబిలు ఉన్నవి 700 పైచిలుకే. మన తెలుగుకు కూడా ఊరికే రాలేదు, 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, దే గ్రాంజ్ ఇద్దరూ ఐదారేళ్ళలోనే ఇక్కడి మట్టిలో కలిసిపోయారు, ఆనందరాయర్ అనే ఈ దేశపు విశ్వాసి వాళ్ళతో కూర్చుని సువార్తలు తెలుగులోకి తెచ్చాడు. మన తండాల్లో ముసలి లంబాడీ అమ్మలకు ఇప్పటికీ ఇంటి భాషలో వింటేనే మనసుకు ఎక్కుతుంది. మన యవ్వనస్తుల్లో లంబాడీ పిల్లలున్నారు, ఫోన్లో రికార్డు చేయడం వాళ్ళకు నిమిషం పని. వాళ్ళను ఎవరైనా అడిగారా? నల్లమల అడవిలో పెంటలనే చిన్న గూడేల్లో ఉండే చెంచువాళ్ళ దగ్గరికి మనం ఏడాదికోసారి దుప్పట్లు పట్టుకుని పోయి ఫొటో దిగి వస్తాం, వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ప్రార్థన గురించి ఎక్కువ చెప్పను, మీకే బాగా తెలుసు. ఆ హెర్న్‌హూట్ వాళ్ళు 1727లో గంటగంటకు వంతులు వేసుకుని ప్రార్థన మొదలుపెట్టి వంద ఏళ్ళకు పైగా ఆపలేదు. మనం అంత చేయలేకపోవచ్చు. కానీ గుడి గోడకు ఒక మ్యాపు వేలాడదీయొచ్చు. మన సంఘం వాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో అక్కడ గుండుసూది గుచ్చి పేరు రాయొచ్చు. ముంబై, పుణె, కువైట్, దమ్మామ్, షార్జా, టెక్సాస్. ప్రతి ఆదివారం ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ళ కోసం, వాళ్ళ గదిలో వాళ్ళ కోసం, ఆ దేశం కోసం ప్రార్థన చేసి, ఆరాధన అయ్యాక వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి మాట్లాడొచ్చు. పిల్లలకు ఆ మ్యాపే సండే స్కూల్ పాఠం. దానికి కమిటీ తీర్మానం కూడా అక్కర్లేదు, నేనే మ్యాపు కొని తెస్తాను, మేకులు కొట్టడం నా పనే.

ఆ పెద్దాయన ఈ లేఖ చదివితే, పెదనాయినా, మీ మీద నాకు కోపం లేదు. "మన సంఘం మనం నడుపుకుంటే చాలదా" అని మీరు అడిగారు. ఉక్రెయిన్ రైతులు అలాగే అనుకుని ఉంటే, ఆ చెప్పులు లేని విధవరాలు అలాగే అనుకుని ఉంటే, మీరూ నేనూ ఆ మీటింగులో కూర్చునేవాళ్ళం కాదు కదా.

ఒక్క పనితో మొదలుపెడదాం. మా వీధిలో ఒక పిల్లవాడు ఉన్నాడు, ఇరవై రెండేళ్ళు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు, షార్జా వీసా వచ్చింది. వచ్చే ఆదివారం రాత్రి శంషాబాద్ నుంచి ఫ్లైటు. వాళ్ళమ్మ బీడీలు చుట్టి చదివించింది, ఇప్పుడు పగలంతా పచ్చళ్ళు కట్టే పనిలో ఉంది. పొద్దున ఆరాధనకు ఇద్దరూ వస్తారు, ఎప్పటిలాగే వెనక వరుసలో కూర్చుంటారు. అయ్యగారూ, ప్రకటనలు చదివే ముందు వాణ్ణి పేరు పెట్టి ముందుకు పిలవండి. వాళ్ళమ్మను కూడా. పెద్దలందరూ లేచి వచ్చి వాడి తల మీద చేతులుంచండి. మీటింగులో నాకు జవాబు చెప్పిన పెదనాయిన ప్రార్థన చేస్తే ఇంకా మంచిది, ఆ పిల్లవాణ్ణి కూడా ఆయన ఎత్తుకుని తిరిగాడు.